కప్పు అంచును పట్టి ఉంచేదేమిటి?

వాలుకప్పు గల ఇంటిని చూచినప్పుడు మన దృష్టి సాధారణంగా కప్పు నడిభాగం మీదనే నిలుస్తుంది. వరుసలు తీర్చిన పెంకులు, వాటి ఎరుపు, వాటి పొందిక కంటికి ఇంపుగా ఉంటాయి. కాని కప్పు చెడిపోవటం మొదలయ్యేది చాలా సందర్భాలలో నడిమిన కాదు, అంచులలో. పెద్దగాలి వీచిన మరునాడు వీధి వెంట నడిచి చూచినవారికి ఈ సంగతి తెలుస్తుంది. ముందుగా ఊడిపడేవి చూరు దగ్గరి పెంకులు, నడికొప్పు మీది పెంకులు, త్రికోణపు గోడ మీదుగా వాలుగా దిగే పక్క అంచు పెంకులు. నడుమనున్న పెంకుకు నాలుగు వైపులా ఇరుగుపొరుగు పెంకుల ఒత్తిడి ఉంటుంది. అంచు పెంకుకు ఒక వైపున ఆ ఆసరా లేదు.

ఈ అంచును ఎట్లా ముగించాలి అన్న ప్రశ్నకు మానవుడు రెండు విధాల సమాధానం చెప్పాడు. అంచు పెంకును సున్నపు గచ్చుతోనో, సిమెంటు మాలుతోనో అతికించటం ఒక పద్ధతి. ఇది తాపీపనివారి మార్గం. అతుకు లేకుండా బద్దతో, కొక్కెంతో, మేకుతో, తీగతో పట్టి ఉంచటం రెండవ పద్ధతి. ఇది వడ్రంగి మార్గం. రెండవ మార్గం చాలా పురాతనమైనది. మధ్యకాలంలో మొదటి మార్గం దానిని చాలాచోట్ల వెనుకకు నెట్టింది. తుపానులూ భూకంపాలూ నేర్పిన పాఠాల వలన ఇరవైయవ శతాబ్దిలో అది మళ్ళీ ముందుకు వచ్చింది. ఆ చరిత్రను క్లుప్తంగా పరిశీలిద్దాం.

గాలి అంచునే ఎందుకు పట్టుకుంటుంది?

గాలి కప్పును క్రిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా కప్పులను అది పైకి పీలుస్తుంది. వేగంగా వచ్చే గాలికి త్రికోణపు గోడ అడ్డు తగిలినప్పుడు, అది గోడ వెంట పైకీ పక్కలకూ పాకుతుంది. అంచును చేరిన తరువాత ఒక్కసారిగా మలుపు తిరిగి కప్పును అంటిపెట్టుకొని పోలేదు. అంచు వద్ద కప్పు నుంచి విడిపోయి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల క్రింద వాయుపీడనం తగ్గుతుంది. కప్పు అడుగున ఉన్న గాలి పీడనం అంతగా తగ్గదు. ఈ తేడా వలన పెంకు పైకి లేవబోతుంది. సుడులు బలంగా ఉండేది అంచుల దగ్గర, మూలల దగ్గర.

ఈ బలం ఎంతో విద్యార్థులు తామే లెక్క కట్టవచ్చు. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 0.6 తో గుణిస్తే, చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల పీడనమో సుమారుగా వస్తుంది. 2014 అక్టోబరు 12 న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపానులో గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అనగా సెకనుకు 50 మీటర్లు. 50 వర్గం 2,500. దానిని 0.6 తో గుణిస్తే 1,500 న్యూటన్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానమైన బలం. అంచుల దగ్గర పీల్పు ఇంతకంటె కూడా ఎక్కువ కావచ్చు.

ఇప్పుడు పెంకుల బరువు చూడండి. మన ప్రాంతంలో బెంగుళూరు పెంకు అని పిలిచే పెంకు ఒక్కొక్కటి 2 నుంచి 3 కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి. మొత్తం 30 నుంచి 45 కిలోలు మాత్రమే. పెంకుల మధ్యనున్న సందుల గుండా గాలి లోపలికీ బయటికీ పోవటం వలన పైపీడనమూ లోపీడనమూ కొంతవరకు సర్దుకుంటాయి. కాబట్టి ఆ 150 కిలోల బలమంతా పెంకు మీద పడదు. అయినప్పటికీ కేవలం బరువును నమ్ముకొని అంచు పెంకును వదిలివేయటం క్షేమం కాదని ఈ లెక్క వలన తేలుతున్నది.

దీనిని తరగతిలో చిన్న ప్రయోగంగా చూపవచ్చు. ఒక అట్టను నడుమకు మడిచి ఇంటికప్పు వలె బల్ల మీద నిలపండి. పెంకులకు మారుగా కాగితపు ముక్కలను దాని మీద పరచండి. అట్టకు ఒక కొస నుంచి, అనగా త్రికోణపు గోడ ఉండవలసిన వైపు నుంచి, బల్లఫంకా గాలిని మెల్లగా హెచ్చిస్తూ రండి. ముందుగా చలించేవి తరచు గాలికి ఎదురుగా ఉన్న అంచు ముక్కలే.

బరువును నమ్మినవారు, బద్దను నమ్మినవారు

కాల్చిన మట్టిపెంకుల కప్పులు గ్రీసు దేశంలో క్రీ. పూ. ఏడవ శతాబ్దిలో బాగా వ్యాప్తిలోకి వచ్చాయి. కొరింతు నగరంలోని పాత దేవాలయపు పెంకులు ఒక్కొక్కటి సుమారు 30 కిలోలు తూగేవి. అంత బరువైన పెంకు గాలికి తొందరగా లేవదు. కనుక అక్కడి శిల్పులు ముఖ్యంగా బరువు మీదనే ఆధారపడ్డారు. అయినా అంచును వారు అశ్రద్ధ చేయలేదు. త్రికోణపు ముఖం మీది వాలు అంచులకు ప్రత్యేకమైన పెంకులు చేశారు. వీటి బయటి కొస పైకి లేచి, చిన్న గోడవలె ఉండేది. వాననీరు ముఖం మీదికి జారకుండా, కప్పు వెంటనే క్రిందికి పోవటానికి ఈ ఏర్పాటు. అంచు పెంకు నడిమి పెంకు వంటిది కాదనీ, దానికి వేరు ఆకారం కావాలనీ ఆనాడే గ్రహించారన్నమాట.

ఉత్తర ఐరోపాలో కలప సమృద్ధి. నార్వే పల్లెలలో కర్రకప్పు మీద భూర్జపత్రపు పొరలు పరచి, వాటిపై గడ్డితో కూడిన మట్టిపెళ్ళలు వేసేవారు. మట్టి చూరు మీదుగా జారిపోకుండా అంచున ఒక పొడుగాటి దుంగను అడ్డంగా ఉంచేవారు. ఆ దుంగను పట్టి ఉంచటానికి సహజంగా వంగిన చెట్టు వేళ్ళను, కొమ్మలను కొక్కెములుగా వాడేవారు. త్రికోణపు గోడ వైపున వాలు వెంట ఒక పలక బిగించేవారు. ఆ పలకకు ప్రాచీన నార్సు భాషలో ఉన్న పేరులోని మొదటి సగానికి గాలి అని అర్థం. పలక ఎవరి కోసం పుట్టిందో ఆ పేరే చెబుతున్నది.

మన తెలుగు తీరంలో ఇదే సమస్యకు మరొక పరిష్కారం కనిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలోని చుట్టిళ్ళు గుండ్రని గోడల మీద శంకువు ఆకారపు తాటాకు కప్పు గలవి. చుట్టింటికి త్రికోణపు గోడ లేదు. కాబట్టి గాలికి దొరికే పక్క అంచు కూడా లేదు. మిగిలిన ఒకే అంచు చూరు. ఆ చూరును బాగా క్రిందికి దించి, గాలి లోపల దూరే సందును తగ్గించారు. ఆకును వాసాలకు త్రాళ్ళతో కట్టివేశారు. ఇందులో అతుకు అనేది ఎక్కడా లేదు. ఉన్నది కట్టు మాత్రమే. గాలి వచ్చినప్పుడు కప్పు కొంచెం కదులుతుంది, కాని కట్టు విడిపోదు.

సున్నం నుంచి సిమెంటుకు

పెంకుటిండ్లు సామాన్యులకు కూడా అందుబాటులోకి వచ్చిన కొద్దీ, పెంకులు చిన్నవీ తేలికవీ అయినాయి. బరువు తగ్గింది గనుక అంచును వేరొక విధంగా నిలపవలసి వచ్చింది. ఐరోపాలో అనేక ప్రాంతాలవారు సున్నపు గచ్చును ఆశ్రయించారు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని నెమ్మదిగా గట్టిపడుతుంది. గట్టిపడిన తరువాత కూడా అది కొంత మెత్తనిదే. కప్పు కర్రలు కొద్దిగా కదిలితే గచ్చు కూడా కొంత సర్దుకుంటుంది. రాలిన చోట మళ్ళీ పూయటం ఇంటి పనులలో ఒకటిగా ఉండేది.

1824 లో ఇంగ్లండులోని లీడ్స్ నగరవాసి జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. తరువాతి కాలంలో ఆ సిమెంటు మెరుగుపడి, సున్నాన్ని చాలా పనులనుంచి తొలగించింది. అది త్వరగా బిగుస్తుంది; గట్టిగా ఉంటుంది. గట్టిదనమే బలమని జనులు నమ్మారు. కప్పు అంచులకు కూడా సిమెంటు మాలే వేయసాగారు. అయితే గోడకు మేలు చేసిన గుణమే కప్పు అంచుకు కీడు చేసింది.

ఎందుకో చూద్దాం. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే సిమెంటు మాలు తన పొడుగులో లక్షకు ఒక పాలు వంతున వ్యాకోచిస్తుంది. కాల్చిన మట్టిపెంకు దాదాపు అందులో సగమే వ్యాకోచిస్తుంది. పక్క అంచు పొడుగు 10 మీటర్లనుకొందాం. తెల్లవారుజాముకూ మిట్టమధ్యాహ్నానికీ కప్పు ఉష్ణోగ్రతలో 40 డిగ్రీల తేడా ఉన్నదనుకొందాం. మాలు 4 మిల్లీమీటర్లు సాగాలి. పెంకులు 2 మిల్లీమీటర్లే సాగుతాయి. ఈ 2 మిల్లీమీటర్ల పేచీ ప్రతి దినమూ జరుగుతుంది. దీనికి తోడు క్రిందనున్న కర్ర వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకొంటుంది. చలి దేశాలలో బీటలలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి, బీటను మరింత తెరుస్తుంది. మాలుకు ఒత్తిడిని తట్టుకొనే శక్తి హెచ్చు, లాగుడును తట్టుకొనే శక్తి తక్కువ. కాబట్టి అది సాగదు, పగులుతుంది. పగిలిన మాలు చూపుకు పెంకును పట్టుకొని ఉన్నట్లే కనిపిస్తుంది, కాని నిజానికి పట్టు విడిచి ఉంటుంది. ఈ మోసమే ప్రమాదకరమైనది. పెనుగాలి వచ్చే దాకా అది బయటపడదు.

పొందిక పెంకులు

పెంకును పెంకే పట్టుకొనేటట్లు చేయటం పరిష్కారంలో మొదటి మెట్టు. 1841 లో ఫ్రాన్సులోని ఆల్సేస్ ప్రాంతానికి చెందిన గిలార్దోని సోదరులు ఒకదానిలో ఒకటి ఇమిడే పెంకుకు పేటెంటు తీసుకున్నారు. పెంకు ఒక అంచున గాడి, రెండవ అంచున గట్టు ఉంటాయి. ఒకదాని గట్టు పక్కదాని గాడిలో కూర్చుంటుంది. పెంకు అడుగున ఉన్న ముక్కు అడ్డబద్దకు తగులుకొంటుంది. మాలు అవసరం లేదు.

ఈ రకం పెంకు మన దేశానికి మంగుళూరు ద్వారా వచ్చింది. బాసెల్ మిషన్‌కు చెందిన గియోర్గ్ ప్లెబ్‌స్ట్ 1865 లో అక్కడ నేత్రావతి నది ఒడ్డు ప్రాంతంలో పెంకుల కర్మాగారాన్ని నెలకొల్పాడు. అక్కడినుంచి ఈ పెంకులు దక్షిణ దేశమంతటా వ్యాపించాయి. తెలుగువారు వీటికి బెంగుళూరు పెంకులని పేరు పెట్టి, తమ పాత గూనపెంకుల నుంచి వేరు చేశారు. అయితే ఈ కప్పులలో ఒక అసంపూర్తి మిగిలిపోయింది. వాలు మీద అంతా పొడిగానే పొందుపడినా, నడికొప్పు మీది పెంకులకు మాత్రం మాలు పరిచి కూర్చోబెట్టటమే ఆచారమైంది. పక్క అంచున కొందరు కర్రపలక బిగించారు, కొందరు మాలు పూశారు. అనగా నడిభాగంలో వడ్రంగి మార్గం గెలిచింది, అంచులలో తాపీ మార్గం నిలిచింది.

జపాను నేర్చుకున్న పాఠం

అంచులను గురించి ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకున్న దేశాలలో జపాను ఒకటి. కొరియా నుంచి అక్కడికి క్రీ. శ. 588 లో పెంకుల పని వెళ్ళింది. దానితోపాటు కప్పు మీద మందంగా అడుసు పరచి, ఆ అడుసులో పెంకులను కూర్చోబెట్టే పద్ధతి స్థిరపడింది. 1674 లో నిషిమురా హాన్‌బే అనే పనివాడు రెండు రకాల పెంకుల పనిని ఒకటే చేసే తేలికైన పెంకును రూపొందించాడు. త్రికోణపు గోడ వైపుకు అక్కడివారు ఒక ప్రత్యేకమైన పెంకును వాడతారు. దాని ఒక కొస లంబంగా క్రిందికి వంగి, కప్పు పక్కను కప్పుతుంది. దీనికి సోదెగవరా అని పేరు. చొక్కా చేతి పెంకు అని దాని అర్థం. చొక్కా చేయి మణికట్టును కప్పినట్లు ఇది కర్రల కొసలను వాన నుంచి కాపాడుతుంది. ఇందులో అంచు ముగింపు పెంకు ఆకారంలోనే ఇమిడి ఉన్నది.

1923 సెప్టెంబరు 1 న టోక్యో ప్రాంతంలో వచ్చిన మహాభూకంపంలో అడుసుమీది పెంకులు కుప్పలుగా జారిపడ్డాయి. తరువాత ఆ ప్రాంతంలో అడుసు మాని, అడ్డబద్దలకు పెంకులను తగిలించే పద్ధతి వ్యాపించింది. పశ్చిమ జపానులో మాత్రం పాత పద్ధతి చాలా ఇళ్ళలో కొనసాగింది. 1995 జనవరి 17 న కోబె ప్రాంతాన్ని భూకంపం కుదిపినప్పుడు అడుసు కప్పులు గల పాత ఇళ్ళు ఎన్నో కూలిపోయాయి. ఆ ఇళ్ళ గోడలూ స్తంభాలూ బలహీనంగా ఉండటం ముఖ్యకారణమే. కాని నెత్తిమీద టన్నులకొద్దీ అడుసు ఉండటం ఆ బలహీనతను రెట్టించింది.

అక్కడి చట్టాల చరిత్ర ఇంకా ఆసక్తికరమైనది. 1971 నాటి ప్రభుత్వ ప్రకటన ప్రకారం చూరు నుంచీ, పక్క అంచు నుంచీ లోపలికి రెండేసి పెంకులను మేకుతోనో, రాగితీగతోనో బిగించాలి. కొప్పు మీద ఒకటి విడిచి ఒకటి బిగించాలి. కప్పులో అపాయమంతా అంచులలో ఉన్నదని చట్టమే ఒప్పుకున్నదన్నమాట. 2019 సెప్టెంబరులో వచ్చిన ఫాక్సాయ్ తుపాను చీబా నగరంలో సెకనుకు 57.5 మీటర్ల గాలివిసురును నమోదు చేసింది. ఆ ప్రాంతంలో అనేక వేల కప్పులు దెబ్బతిన్నాయి. తరువాత నిబంధనను సవరించి, 2022 జనవరి 1 నుంచి కొత్తగా కట్టే ఇళ్ళలో పెంకులన్నింటినీ బిగించాలని నిర్ణయించారు. అంచుకు నేర్పిన పాఠాన్ని చివరకు కప్పంతటికీ వర్తింపజేశారు.

బ్రిటన్: మాలు మీద నమ్మకం పోయిన విధం

బ్రిటన్‌లో మార్పు తెచ్చింది గాలి. 1968 జనవరి 15 న వచ్చిన గాలివానలో ఒక్క గ్లాస్గో నగరంలోనే ఎన్నో వేల ఇళ్ళు దెబ్బతిన్నాయి. 1987 అక్టోబరు 15, 16 తేదీల మధ్య రాత్రి దక్షిణ ఇంగ్లండును ఊపివేసిన తుపానులో సుమారు కోటిన్నర చెట్లు కూలాయి. కప్పులు కూడా పెద్ద ఎత్తున చెడిపోయాయి.

ఇరవైయవ శతాబ్ది చివరి దశాబ్దాలలో అక్కడ మాలులేని అంచులు వ్యాప్తిలోకి వచ్చాయి. నడికొప్పు వెంట కప్పు లోపల ఒక కర్రను బిగిస్తారు. కొప్పు పెంకులను ఆ కర్రకు మరమేకులతో పట్టి ఉంచుతారు. వాటి అడుగున నీరు చొరకుండా, గాలి మాత్రం పోగలిగేటట్లు ఒక పట్టీ పరుస్తారు. పక్క అంచున ప్రతి పెంకు కొసకూ గాడివంటి ఒక తొడుగు తొడిగి అడ్డబద్దకు బిగిస్తారు. పై తొడుగు క్రింది తొడుగు మీదికి వచ్చి, వాననీటిని మెట్టుమెట్టుగా దింపి చూరుగొట్టంలో వదులుతుంది. పెంకులు వేడికి సాగినా, కర్ర తేమకు ఉబ్బినా తొడుగులో కొంచెం చోటు ఉన్నది. కదలిక ఉంటుంది, పట్టు తప్పదు. తేమగాలి బయటికి పోవటానికి దారి ఉండటం వలన కప్పుకర్ర కుళ్ళటం కూడా తగ్గుతుంది.

2014 లో సవరించిన బ్రిటిష్ ప్రమాణం బి. ఎస్. 5534 ఈ విషయాన్ని నియమంగా చేసింది. నడికొప్పు వంటి చోట్ల పెంకులను మాలు ఒక్కదానితో అతికించి ఊరుకోరాదు. మేకు, బిగింపు వంటి యాంత్రికమైన పట్టు కూడా ఉండాలి. మాలును నిషేధించలేదు. దాని లాగుడు బలాన్ని మాత్రం లెక్కలోనుంచి తీసివేశారు.

అయితే కొత్త పద్ధతి కూడా తప్పులకు అతీతం కాదని త్వరలోనే తెలిసింది. పక్క అంచు తొడుగులను అడ్డబద్ద కొసలో బిగించవలసి ఉంటుంది. కర్ర కొసలో మేకు నార వెంట దిగుతుంది గనుక దానికి పట్టు తక్కువ. పొట్టి మేకులతో సరిపుచ్చిన చోట తొడుగులే గాలికి ఊడిపడ్డాయి. కొన్ని ప్లాస్టిక్కులు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారతాయి. ఇటువంటి లోపాలు చూచిన మీదట, ఈ సామగ్రికే ప్రత్యేకంగా బి. ఎస్. 8612 అనే ప్రమాణాన్ని 2018 లో ప్రచురించారు.

మనం గ్రహించవలసినది

ఈ చరిత్రలో ఒక సాధారణ సూత్రం కనిపిస్తున్నది. కదలక తప్పని రెండు వస్తువులను గట్టిగా అతికిస్తే అతుకే పగులుతుంది. వాటికి కొంత కదలిక నిచ్చి, విడిపోకుండా పట్టి ఉంచితే రెండూ నిలుస్తాయి. రైలుపట్టాల మధ్య సందు విడవటంలోనూ, వంతెన కొసలను దిమ్మెల మీద జారేటట్లు అమర్చటంలోనూ ఇదే సూత్రం ఉన్నది. నార్వే రైతు వంగిన కొమ్మతో దుంగను పట్టి ఉంచినప్పుడూ, మన పల్లెవాసి తాటాకును త్రాటితో కట్టినప్పుడూ ఈ సూత్రాన్నే అనుసరించారు. వారికి వ్యాకోచపు లెక్కలు తెలియవు. కాని ఏది నిలిచిందో, ఏది ఎగిరిపోయిందో తరతరాలుగా గమనించారు.

మన తీరప్రాంతాలలో పెంకుటిళ్ళు ఇంకా ఉన్నాయి. తుపానులు ఏటేటా వచ్చే అవకాశమున్నది. గాలికి లేచిన పెంకు ఇంటివారికి నష్టం కలిగించటమే గాక, వీధిలోని మనిషి తల మీద పడితే ప్రాణాపాయం కూడా. కాబట్టి వానాకాలానికి ముందు ఒకసారి కొప్పు పెంకులను, పక్క అంచులను తెలిసిన పనివానిచేత చూపించటం మంచిది. పూత నున్నగా ఉన్నదా అని కాక, పెంకును చేతితో మెల్లగా ఎత్తితే లేస్తున్నదా అని పరీక్షింపజేయాలి. లేచే పెంకుకు పైపూత పూసి ఊరుకొనక, రాగితీగ కట్టటమో, మరమేకు బిగించటమో చేయించాలి. అయ్యే ఖర్చు కొద్దిది. దాని ఫలితం పెనుగాలి వచ్చిన రాత్రి తెలుస్తుంది.